చింతపండన్న పేరు

ఊరికే ఇస్తామంటే నాకు నమ్మబుద్ధి కాదు. అంగళ్ళ వీధిలో పెరిగినవాడి జబ్బు అది. రాజధానిలో ఆ యుద్ధ స్మారకం గేటు దగ్గర నిలబడి "టికెట్టు ఎంత?" అని అడిగాను. కాపలా జవాను "ఫ్రీ" అన్నాడు. "లోపలికి పోయినాక అడగరు కదా?" అని నాకొచ్చిన హిందీలో మళ్ళీ అడిగాను. అతడు నన్ను ఎగాదిగా చూసి, నా చేతిసంచిని యంత్రంలోకి తోసేశాడు.

నిజానికి ఢిల్లీయే మాకు కొసరు. కాశీయాత్రకు చిత్తూరు నుంచి మమ్మల్ని తీసుకొచ్చిన ఏజెంటుతో బేరమాడి, తిరుగు ప్రయాణంలో ఢిల్లీని కలిపించింది నేనే. అందుకు బస్సులో అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు తలకెక్కి ఉండగానే గైడు మైకు పట్టుకుని, యుద్ధాల్లో పోయిన జవాన్ల పేర్లన్నీ రాళ్ళ మీద చెక్కించారనీ, పేరు కొడితే చాలు, ఏ రాయి మీద ఉందో లోపల తెర మీద కనబడుతుందనీ చెప్పాడు. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను.

"మా వీధి మనిషి ఒకాయన ఉండాడు!"

పెరుగన్నం తిని కునుకు తీస్తున్న బస్సంతా లేచింది. పక్క సీట్లో ఉన్న పూతలపట్టు ఊరాయన నా చొక్కా పట్టుకుని లాగాడు.

"ఎవురప్పా? పేరేంది?"

"చింతపండన్న."

"అది పేరా, చారులో ఏసేదా?"

బస్సంతా నవ్వింది. నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. "సూస్తా ఉండండి, రాయితో సహా ఫోటో తీసుకోనొస్తా" అని శపథం చేశాను. వాళ్ళందరూ శాలువాలు కొనడానికి బజారుకు పోయారు. శాలువాల బేరాన్ని వదులుకుని నేనొక్కడినే అక్కడ దిగానంటే, నన్నెరిగినవాళ్ళెవరూ నమ్మరు.

లోపల గుండ్రంగా గోడలు. గోడల నిండా రాళ్ళు, రాళ్ళ నిండా పేర్లు. మధ్యలో ఒక ఎత్తైన స్తంభం, దాని కింద నిప్పు. పిల్లలు కూడా గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. తెర దగ్గరకు పోయి నిలబడ్డాను. పేరు కొట్టమని అడిగింది. వేలు ఎత్తాను. వేలు అక్కడే ఉండిపోయింది.

చింతపండన్న అసలు పేరు నాకు తెలియదు.

పలమనేరులో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, మన చింతపండన్న పేరేందే?"

"యే చింతపండన్న?"

"మన ఎదురంగడి. మిలిట్రీకి పోయినాడే, ఆయన."

"ఆయన పేరు చింతపండన్నే గదరా."

"అది కాదే. బడిలో పేరు. అసలు పేరు."

"ఆయన బడికి పోయినప్పుడు నేను పుట్టనే లేదు. నాకెట్ల తెలస్తాది? నువ్వు యాడుండావు?"

"ఢిల్లీలో."

"ఢిల్లీలో కూసోని చింతపండు బేరమేందిరా నీకు?" అంది. విషయమంతా చెప్పాను. తర్వాత మెల్లగా, "కొండమీది సామి పేరేదో గదా. వాళ్ళమ్మ చెప్పింది గదా ఆ పొద్దు" అంది.

"సామికి ఎన్ని పేర్లుండాయో నీకు తెల్దా?"

"అయితే అన్నీ కొట్టి సూడు. ఆ మిషనేమన్నా నిన్ను బాడుగ అడగతాండాదా? ఉండు, పాలాయనొచ్చినాడు" అని పెట్టేసింది.

ఇంకెవరిని అడగను? మా నాయన లేడు, అమ్మ లేదు. మా వీధే లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అంగళ్ళ ముఖాలన్నీ కోసేశారు. చింతపండంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లకు అద్దాలు అతికిస్తారు. తెర ముందు కొందరు వరుస కట్టారు. వాళ్ళకు దారిచ్చి, పక్కన గట్టు మీద కూర్చున్నాను.

మా వీధిలో ఎవరికీ పేర్లుండేవి కావు. ఉండేవిలే, కానీ వాటిని ఎవరూ వాడేవాళ్ళు కాదు. కొండ పక్కనే ఉన్న ఊళ్ళలో పిల్లలు పుట్టేది మొక్కుల మీద. అందుకని ఇంటికొకడికి ఏడుకొండలవాడి పేరే. వీధి మొదట్లో నిలబడి "ఒరే వెంకటేశూ" అంటే ప్రతి అంగట్లోంచీ ఒక తల బయటికొచ్చేది. వ్యాపారం సాగాలంటే అది కుదరదు కదా. కాబట్టి ఏ సరుకు అమ్మితే అదే పేరు. ఉప్పాయన, బెల్లమాయన, టెంకాయలక్క. మాది బొరుగుల అంగడి. నేను బొరుగులోడిని. బస్తా నిండా ఉన్నా బరువు లేని సరుకు. "నీ మాటా అంతేరా" అని బెల్లమాయన ఎగతాళి చేసేవాడు.

మా అంగడికి ఎదురుగా చింతపండు పెద్దమ్మ. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఒక్కడే కొడుకు. ఎండాకాలం మొదలైందంటే పల్లెల నుంచి బండ్లలో చింతకాయ దిగేది. వీధంతా పులుపు వాసన. ఆ వాసనకు నిద్రలో కూడా నోట్లో నీళ్ళూరేవి. పెద్దమ్మ అంగడి ముందు చాప పరుచుకుని కూర్చుని, చిన్న ఇనుప సుత్తితో కాయ కొట్టి, గింజ తీసి, పీచు లాగి పక్కన వేసేది. ఆ టక్ టక్ చప్పుడే మాకు బడిగంట. మేము బొరుగులు పిడికిట్లో పెట్టుకుని పోయి, మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ ఒక ముద్ద చింతపండు ఎత్తుకొచ్చేవాళ్ళం. ఉప్పూ మిరపకాయా వేసి రోట్లో దంచి, కొబ్బరీనె పుల్లకు గుచ్చి చీకేవాళ్ళం. పెద్దమ్మ చూసి కూడా చూడనట్టుండేది. ఒకసారి మాత్రం, "గింజ తీసింది ఎత్తకపోతారేందిరా, తీయనిది ఎత్తకపోండి, నాకు పనన్నా తగ్గతాది" అంది.

ఆమె కొడుకును పేరు పెట్టి పిలవగా మేమెవరమూ వినలేదు. పిలవకూడదు. ఆమె మామ పేరు వాడికి పెట్టారు. కోడలు మామ పేరు నోటితో పలకకూడదు కదా. కనుక పుట్టినప్పటి నుంచీ ఆమె వాడిని "నాయనా" అనే పిలిచేది. పొద్దు గూకితే అంగడి మెట్టు మీద నిలబడి, "ఓ నాయనా, రారా, సంగటి సల్లారతాండాది" అని కేక వేసేది. పిల్లల పేర్లు వీధికి తెలిసేది తల్లి కేక నుంచే. ఆమె కేకలో పేరు లేదు. కాబట్టి వీధికి తెలియలేదు. మాకు ఆయన చింతపండన్న, అంతే.

అన్న మిలిటరీకి పోయి మొదటిసారి సెలవుల్లో వచ్చినప్పుడు మా అంగట్లోకి వచ్చాడు. బొరుగులూ పుట్నాలూ కావాలన్నాడు. మా నాయన తన అలవాటు ప్రకారం నోటికొచ్చిన ధర చెప్పి, అన్న తగ్గించమంటే ఎంతవరకు దిగాలో లోపల లెక్క వేసుకుంటున్నాడు. అన్న జేబులోంచి తీసి అడిగినంతా పెట్టేశాడు.

నాయన ముఖం మాడిపోయింది.

"ఏంరా, బేరమాడవా?"

"ఎందుకు చిన్నాయనా?"

"ఎందుకేందిరా? నేను చెప్పింది నిజం ధర అనుకుంటివా? నన్ను దొంగను చేస్తావా?"

అన్న నవ్వాడు. "ఆడ మాకు బేరాల్లేవు చిన్నాయనా. పొమ్మంటే పోవాల, రమ్మంటే రావాల. అలవాటు తప్పిపోయింది."

"అలవాటు తప్పితే ఎట్లరా? మీ అమ్మ ఇంత బతుకు బతికింది బేరం మీదే గదా" అని నాయన రెండు పిడికిళ్ళ పుట్నాలు అదనంగా పొట్లంలో పోసి గాని శాంతించలేదు. ఆ రాత్రి అన్నం తింటూ, "చెడిపోయినాడు పిల్లోడు" అని అమ్మతో అన్నాడు.

ఇక మా వీధి గుట్టు ఒకటి చెప్పాలి. ఖాకీ చొక్కా గానీ జీపు గానీ వీధి మొదట్లో కనబడితే, అక్కడ మొదటి అంగడివాడు "మబ్బొస్తాండాది!" అని కేక వేసేవాడు. అమ్మకం పన్నువాళ్ళు వచ్చారని దానర్థం. ఆ కేక అంగడి నుంచి అంగడికి పాకి చివరిదాకా పోయేది. ఎర్రటి ఎండలో మబ్బేమిటని కొత్తవాళ్ళు ఆకాశంలోకి చూసేవాళ్ళు. ఈలోపల బస్తాలు లోపలికి పోయేవి, చాపలు కప్పుకునేవి. వచ్చినవాళ్ళు ఎవరి పేరు అడిగినా ఒకటే జవాబు. "ఆ పేరోడు ఈడ లేడు సార్." ఆలోచించనక్కర్లేదు. పేరు వినను కూడా విననక్కర్లేదు. మాటలు వచ్చిన మరుసటేడే మేము నేర్చుకున్న పాఠం అది.

యుద్ధం వచ్చింది, రేడియోలో మోగింది, ఆగిపోయిందని కూడా చెప్పారు. హమ్మయ్య అనుకున్నాం. అన్న ఈసారి వస్తే బేరమాడటం మళ్ళీ నేర్పిస్తానని నాయన అంటుండేవాడు.

ఒక పొద్దున జీపు వచ్చింది. కేక పడింది. "మబ్బొస్తాండాది!"

ఇద్దరు దిగారు. ఉత్తరాది మనుషులు. ఒకాయనకు పెద్ద మీసాలు, రెండోవాడు కుర్రవాడు. మీసాలాయన చేతిలో కాగితం చూసి ప్రతి అంగడి ముందూ ఒక పేరు చదివాడు. ముందు ఏదో హోదా, తర్వాత పేరు, వాళ్ళ యాసలో గరగరమని. ఉప్పాయన లేడన్నాడు. బెల్లమాయన లేడన్నాడు. మా నాయన తక్కెడ కింద పెట్టకుండానే, "ఆ పేరోళ్ళు ఈ వీధిలో ఎవురూ లేరు సార్" అని, కొసరుగా "పక్క వీధిలో అడగండి" అని కూడా చెప్పాడు. తంతి ఒకటి ముందే, కొత్తగా వచ్చిన ఖాకీ చొక్కావాడి చేతిలో వచ్చి, ఇలాగే అంగడంగడికీ తిరిగి, ఎవరూ లేరనిపించుకుని వెనక్కి పోయిందట. అది తర్వాత తెలిసింది.

వాళ్ళు రోడ్డు దాటి పెద్దమ్మ దగ్గరకు పోయారు. అప్పటికే ఆమె చింతపండు మీద చాప కప్పేసి, దాని మీద కూర్చుని ఉంది. మీసాలాయన వంగి ఆ పేరు చదివాడు.

"లేడు నాయనా. అట్లాంటోడు ఈడ లేడు" అంది పెద్దమ్మ.

ఆ యాసలో ఆమెకు పేరు అర్థం కాలేదో, అర్థమై కొడుకేదో తప్పు చేసి వచ్చాడని భయపడి దాచిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం వీధిలో ఎవరికీ లేకపోయింది.

వాళ్ళు విసిగిపోయి వీధి చివర హోటల్లో భోజనానికి కూర్చున్నారట. హోటలాయన చారు పోశాడు. మీసాలాయన ఒక ముద్ద కలుపుకుని ఆగిపోయాడు. చారులో తేలుతున్న చింతపండు పీచును వేలితో తీసి ఆకు మీద పెట్టి, దాన్ని చూపిస్తూ, "మా... దుకాన్" అన్నాడట. అమ్మ, అంగడి. ఇది అమ్మే తల్లి గురించి అన్న ఆయనకెప్పుడో చెప్పి ఉంటాడు. హోటలాయన ఒకప్పుడు బొంబాయిలో పని చేసినవాడు, ఆ రెండు మాటలూ తెలుసు. గరిటె అక్కడే వదిలేసి మా అంగడికి పరిగెత్తుకొచ్చాడు.

"వాళ్ళు పన్నోళ్ళు కాదప్పా. మన చింతపండోడి కోసం వచ్చినారు."

నాయన అంగడి వదిలి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాడు. నేను వెనకాలే. పెద్దమ్మ తల ఎత్తి, "మబ్బు పోయిందా మరిదీ?" అని అడిగింది.

నాయన పక్కకు జరిగాడు. వెనక వస్తున్న ఇద్దరూ టోపీలు తీశారు. మా వీధిలో ఖాకీ మనుషులు టోపీ తీయడం మేమెప్పుడూ చూడలేదు. కుర్రవాడు జీపులోంచి ఒక ఆకుపచ్చ ట్రంకుపెట్టె దించాడు. పెద్దమ్మ పెట్టెను చూసింది.  ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

కానీ మీసాలాయనకు ఒక మాట కావాలి. పెట్టె ఇచ్చేది సరైన మనిషికేనా అని. కొడుకు పేరు ఆమె నోటితో చెప్పాలన్నాడు. హోటలాయన తెలుగులో చెప్పాడు.

"మామ పేరు నేనెట్ల నోటికి తెచ్చేది?" అంది పెద్దమ్మ.

"ఇప్పుడన్నా చెప్పు వదినా!" అని నాయన అరిచాడు. వీధి వీధంతా మూగింది. ఆ గుంపులో ఒక్కరికైనా ఆ పేరు తెలిసుంటే చెప్పేవాళ్ళు. ఎవరికీ తెలియదు.

పెద్దమ్మ లేచి నిలబడింది. కొండ ఉన్న దిక్కుకు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "ఆ సామి పేరే" అంది.

"సామికి వెయ్యి పేర్లుండాయి గదమ్మా, ఏదని చెప్పేది?" అన్నాడు నాయన. ఆ సమయంలో కూడా అది బేరంలాగే వినిపించింది. ఆ మాటకు ఆయన బతికున్నంత కాలం తన్ను తాను తిట్టుకున్నాడు.

చివరికి మీసాలాయనే కాగితంలో పేరును మెల్లగా, విడదీసి చదివాడు. పెద్దమ్మ తల ఊపింది. నేను పక్కనే ఉన్నాను. వినే ఉంటాను. కానీ అప్పుడు నా చూపంతా ఆయన బూట్ల మీద ఉంది. అంత గట్టి తోలును మా ఊళ్ళో అమ్మితే ఎంత పలుకుతుందా అని చూస్తున్నాను. బొరుగులోడిని కదా.

ఆ తర్వాత పెద్దమ్మ ఏడ్చింది తక్కువ. ఎవరు పలకరించినా ఒకటే మాట. "వాళ్ళొచ్చి అడిగితే నేనే లేడంటిని. నా నోటితో నేనే లేడంటిని." మన భాషలో అదెంత పాడు మాటో నాకు అప్పుడు తెలియలేదు. ఇంట్లో లేకపోయినా లేడే, లోకంలో లేకపోయినా లేడే.

అప్పటి నుంచి ఆమె ఆ మాట వదిలేసింది. పన్నువాళ్ళు మళ్ళీ వచ్చారు, కేక మళ్ళీ పడింది, వీధంతా చాపలు కప్పుకుంది. బుద్ధి మారే వీధి కాదు మాది. పెద్దమ్మ మాత్రం చింతపండు అలాగే పరిచి, సుత్తితో కొడుతూ కూర్చుంది. వాళ్ళు ఉప్పాయన అసలు పేరు చదివి, ఈ మనిషి ఉన్నాడా అని అడిగితే, "ఉండాడు నాయనా, ఉండాడు" అంది. బెల్లమాయనను అడిగినా ఉండాడు. ఊళ్ళోనే లేనివాడిని అడిగినా ఉండాడు. ఆమె వల్ల వీధి చాలా జరిమానాలు కట్టింది. నోటికి హద్దు లేని బెల్లమాయన కూడా ఆమెను ఒక్క మాట అనలేదు.

తెర ముందు వరుస అయిపోయింది. మళ్ళీ పోయి నిలబడ్డాను. వెంకటేశు అని కొట్టాను. తెర నిండిపోయింది, వేలితో తోస్తే ఇంకా వస్తున్నాయి. శ్రీనివాసులు కొట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరిది ఒక్కో రకం. తిరుమలయ్య, గోవిందు, తిమ్మప్ప. మన జిల్లావాళ్ళా, తడ అవతల తమిళులా, కన్నడంవాళ్ళా, ఏమీ తెలియదు. అందరూ సామి పేరువాళ్ళే. అందరూ పోయినవాళ్ళే. ఏ తల్లి ఏమని పిలిచేదో ఆ తెరకు తెలియదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా నాకు తెలియలేదు. తెర మీదా, మామ పేరు పలకనీయని ఆచారం మీదా, బూట్లు చూసిన నా కళ్ళ మీదా?

చివరికి ఒళ్ళు మండి, ఇంగ్లీషు అక్షరాల్లో 'చింతపండు' అని కొట్టాను.

కాసేపు గిరగిరా తిరిగి, ఆ పేరుతో ఎవరూ లేరని చెప్పింది.

అచ్చం మా నాయన గొంతులాగే. తక్కెడ కింద పెట్టకుండా, తలెత్తి చూడకుండా.

వేళైపోయింది, బయటికి నడవమని ఒక జవాను వచ్చాడు. పది నిమిషాలన్నాను. తల అడ్డంగా ఊపాడు. అయిదన్నాను. మళ్ళీ ఊపాడు. బేరాల్లేని మనుషులు. నా ముఖం చూసి ఏమనిపించిందో, "నామ్?" అని అడిగాడు. ఎవరి పేరు కావాలి అని.

 పొద్దు ఎటు వాలుతోందో చూసి, మన దిక్కు ఎటో లెక్క వేసుకుని అటు తిరిగాను. రెండు చేతులూ ఎత్తాను. నేనేదో ప్రార్థన చేస్తున్నాననుకుని ఆ జవాను కాళ్ళు దగ్గరికి చేర్చి కదలకుండా నిలబడ్డాడు. నేను చేతులు దించేదాకా అలాగే ఉన్నాడు. ఆ పూట నేను అడగకుండా దొరికింది అదొక్కటే.

బస్సెక్కగానే పూతలపట్టాయన శాలువా మడతలు సర్దుకుంటూ అడిగాడు.

"ఏమప్పా, మీ చింతపండన్న ఉండాడా?"

"ఉండాడు" అన్నాను.

"ఫోటో ఏదీ?"

"మబ్బు పట్టేసిందప్పా. సరిగ్గా రాలేదు."

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూశాడు. ఆకాశంలో ఎక్కడా ఒక్క మబ్బు తునక కూడా లేదు.